పాత డెస్క్‌టాప్‌కి సరిపోయే ర్యామ్ ఎంచుకోవడం: నా అనుభవం

పాలకొల్లులో నాది డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, ఓణీల ఫంక్షన్ కార్డులు, క్షీరారామంలో ఉత్సవాలప్పుడు ఫ్లెక్సీలు, ఇదీ మా పని. షాపులో కొత్త కంప్యూటర్ ఒకటుంది, దాని మీద ఆన్‌లైన్ అప్లికేషన్లు చేస్తాం. తెలుగు టైప్‌సెట్టింగ్ మాత్రం పాతదాని మీదే. కోర్ 2 డ్యూయో ఈ7500 ప్రాసెసర్, ఇంటెల్ జీ41 చిప్‌సెట్ (ప్రాసెసర్‌కీ మిగతా భాగాలకీ మధ్య డేటా నడిపే చిప్) ఉన్న మదర్‌బోర్డు, రెండు జీబీ ర్యామ్ (పని జరుగుతున్నంతసేపూ డేటా ఉండే మెమరీ), విండోస్ 7.

"ఇంకా ఇదెందుకండీ, తీసేసి కొత్తది కొనుక్కోండి" అని షాపుకొచ్చిన ప్రతివాళ్లూ అంటారు. డీటీపీ చేసేవాళ్లకి మాత్రం వివరంగా చెప్పక్కర్లేదు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత దానికి కొత్త వెర్షనే లేదు. ఏళ్ల తరబడి చేసిన కార్డులన్నీ పేజ్‌మేకర్‌లో, అనూ ఫాంట్లలో ఉన్నాయి. ఆ ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకీ ఒకటే అక్షరాల పద్ధతి) కావు. వేరే చోట తెరిస్తే అక్షరాల బదులు అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. ఒక ఇంట్లో పెద్దమ్మాయి పెళ్లికి చేసిన కార్డే చిన్నమ్మాయి పెళ్లికీ పేర్లూ తేదీలూ మార్చి ఇమ్మంటారు. అలాంటి ఫైలు తెరవగానే తెరుచుకోవాలి. అందుకని ఆ మెషీన్‌ని ఉన్నచోటే ఉంచి, దాని ఓపిక పెంచడమే నాకు దారి.

ర్యామ్ చాలడం లేదని ఎలా తెలిసిందో ముందు చెప్తాను. స్లో అయిన ప్రతి కంప్యూటర్‌కీ ర్యామ్ పెంచితే సరిపోదు. నాకు ఇబ్బంది వచ్చింది ఫ్లెక్సీల దగ్గరే. ఇరవై అడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఫ్లెక్సీ తీసుకోండి. అంగుళానికి 72 చుక్కలు చొప్పున పెట్టినా అడ్డంగా 17,280, నిలువుగా 8,640 చుక్కలు. మొత్తం దాదాపు 15 కోట్లు. ప్రింటింగ్‌కి వాడే నాలుగు రంగుల సీఎంవైకే మోడ్‌లో ఒక్కో చుక్కకి నాలుగు బైట్లు, అంటే నిండుగా ఉన్న ఒక్క లేయర్‌కే (పొరకే) 600 ఎంబీ దాకా పోతుంది. దాని మీద దేవుడి ఫొటో, దాతల ఫొటోలు, పేర్ల వెనక రంగుల పట్టీలు ఇంకా లేయర్లవుతాయి. రెండు జీబీలో విండోస్ తన వాటా తీసుకున్నాక ఇది పట్టదు. పట్టనిదాన్ని హార్డ్ డిస్క్ మీదకి తోసేస్తుంది. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచిపెట్టి ఫొటోషాప్‌లో పని చేస్తే మెమరీ గీత పైకంటా వెళ్లి అక్కడే ఆగిపోయేది, క్యాబినెట్ మీద హార్డ్ డిస్క్ లైటు ఆరకుండా వెలిగేది. ఈ రెండూ కలిసి కనిపిస్తే అది ర్యామ్ కరువే. మెమరీ ఖాళీగా ఉండి కూడా కంప్యూటర్ నత్తనడక నడుస్తుంటే కారణం వేరే.

ఆషాఢం వచ్చింది, పెళ్లి కార్డుల పని ఆగింది. శ్రావణంలో మళ్లీ ఊపిరాడదు కాబట్టి ఈలోపే పని ముగించాలనుకున్నాను.

ర్యామ్ కొనేముందు అడగాల్సింది మదర్‌బోర్డుని. దుకాణంలో ఏమున్నాయి, ఆన్‌లైన్‌లో ఏది చవక అనే మాట ఆ తర్వాత. మా బోర్డు పేరు తెలుసుకోవడానికి సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ వాడాను. అందులో మెయిన్‌బోర్డ్ ట్యాబ్‌లో బోర్డు మోడలూ చిప్‌సెట్టూ, మెమరీ ట్యాబ్‌లో ర్యామ్ రకమూ స్పీడూ, ఎస్‌పీడీ ట్యాబ్‌లో ఏ స్లాట్‌లో ఎంత జీబీ స్టిక్ (ర్యామ్ పట్టీ) ఉందో, ఎవరు తయారుచేశారో కనిపిస్తాయి. విండోస్ 10లో అయితే టాస్క్ మేనేజరే స్పీడూ, వాడిన స్లాట్ల సంఖ్యా చూపిస్తుంది, 7లో ఆ సౌకర్యం లేదు. సీపీయూ-జెడ్ చూసేటప్పుడు ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. 1066 స్పీడు ర్యామ్‌కి అక్కడ 533 అని చూపిస్తుంది. ర్యామ్ సగం స్పీడుతో నడుస్తోందేమోనని టెన్షన్ పడక్కర్లేదు. డీడీఆర్ అంటేనే ఒక్కో క్లాక్‌కి రెండుసార్లు డేటా పంపేది, అది చూపించేది అసలు క్లాక్, దాన్ని రెట్టింపు చేసుకోవాలి.

మా బోర్డుకి ర్యామ్ పెట్టే స్లాట్లు రెండు, వాటిలో పట్టేది డీడీఆర్3 అనే తరం ర్యామ్. జీ41 బోర్డులన్నీ ఇలాగే ఉంటాయనుకోకూడదు. ఇదే చిప్‌సెట్‌తో డీడీఆర్2 బోర్డులు వచ్చాయి, డీడీఆర్3 బోర్డులు వచ్చాయి, రెండు రకాల స్లాట్లూ పక్కపక్కనే ఉన్న బోర్డులు కూడా వచ్చాయి. ఆ చివరివాటిలో కూడా ఏదో ఒక రకమే పెట్టాలి, రెండూ కలిపి నడవవు. డీడీఆర్2కీ డీడీఆర్3కీ రెంటికీ 240 పిన్నులే. కానీ కింద ఉండే గాటు స్థానం వేరు, కరెంటు వేరు. డీడీఆర్2కి 1.8 వోల్టులు, డీడీఆర్3కి 1.5. డీడీఆర్4 అయితే 288 పిన్నులు, 1.2 వోల్టులు. గాటు కుదరకపోతే అది ఆ బోర్డుది కాదు, అక్కడితో ఆగిపోవాలి. బలం పెట్టి నొక్కితే స్లాట్ పగులుతుంది. లాప్‌టాప్ ర్యామ్ సంగతి వేరు, అది పొట్టిగా ఉంటుంది, డీడీఆర్3లో 204 పిన్నులు, డెస్క్‌టాప్‌లో పట్టనే పట్టదు.

ఇక్కడిదాకా ఏ దుకాణంలో అడిగినా చెప్తారు. దీని తర్వాత ఉన్న సంగతే ఎవరూ చెప్పరు. అది తెలియకే ఎంతోమంది "బోర్డు పాతదైపోయింది, కొత్త ర్యామ్ తీసుకోవడం లేదు" అనుకుని మెషీన్ని అటక మీద పెట్టేస్తున్నారు. కాబట్టి దీన్ని కాస్త వివరంగా రాస్తాను.

కోర్ 2 డ్యూయో కాలంలో ర్యామ్‌తో మాట్లాడే మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్‌లో ఉండేది కాదు. బోర్డు మీద చిప్‌సెట్‌లో ఉండేది, మా బోర్డులో అల్యూమినియం హీట్‌సింక్ కింద ఉన్న చిప్పే అది. ఐ3, ఐ5, ఐ7లు వచ్చాక కంట్రోలర్ ప్రాసెసర్ లోపలికి వెళ్లింది. కాబట్టి పాత కోర్ 2 మెషీన్లకి ఏ ర్యామ్ పడుతుందో తేల్చేది చిప్‌సెట్, ఐ3 తర్వాతవాటికి ముఖ్యంగా ప్రాసెసర్. జీ41కి ఇంటెల్ చెప్పిన హద్దులు ఇవి: మొత్తం 8 జీబీ, డీడీఆర్3 అయితే 800 లేదా 1066 స్పీడు. రెండు స్లాట్లున్న బోర్డుకి స్లాట్‌కి నాలుగు జీబీ చొప్పున అన్నమాట.

స్పీడు గురించి బెంగ అక్కర్లేదు. 1333, 1600 స్పీడు స్టిక్‌లు పెట్టినా బోర్డు ఎంత ఇస్తే అంతకి దిగి నడుస్తాయి. రెండు వేర్వేరు స్పీడులవి కలిపితే రెండూ తక్కువదాని స్పీడుకే వస్తాయి. లేబుల్ మీద పీసీ3-10600 అని ఉంటే అది 1333, పీసీ3-12800 అని ఉంటే 1600. స్పీడుని ఎనిమిదితో గుణిస్తే దాదాపు ఆ పెద్ద అంకె వస్తుంది, ఒకేసారి ఎనిమిది బైట్లు పంపుతుంది కాబట్టి. 10600 చివర యూ అక్షరం ఉంటే మామూలు డెస్క్‌టాప్ ర్యామ్. ఆర్ అని ఉంటే సర్వర్ ర్యామ్. పాత సర్వర్లలోంచి తీసిన ఈ ఆర్ రకం స్టిక్‌లు ఆన్‌లైన్‌లో చాలా చవగ్గా కనిపిస్తాయి. గాటు కూడా సరిపోతుంది, కానీ మన బోర్డుల్లో నడవవు.

అసలు చిక్కు ఇప్పుడు వస్తుంది. నాలుగు జీబీ డీడీఆర్3 స్టిక్‌లు రెండు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదానికి ఒకవైపే ఎనిమిది నల్లటి చిప్‌లుంటాయి, వెనక ఖాళీ. రెండోదానికి ముందు ఎనిమిది, వెనక ఎనిమిది, మొత్తం పదహారు. రెండూ నాలుగు జీబీయే, రెండూ డీడీఆర్3యే, రెండింటి గాటూ ఒకచోటే. తేడా ఒక్కో చిప్ ఎంత మోస్తుందన్న దగ్గర ఉంది. పదహారు చిప్‌ల స్టిక్‌లో ఒక్కో చిప్ 2 గిగాబిట్లు, అంటే 256 ఎంబీ, పదహారు కలిపితే నాలుగు జీబీ. ఎనిమిది చిప్‌ల స్టిక్‌లో ఒక్కోటి 4 గిగాబిట్లు, అంటే 512 ఎంబీ. జీ41 కంట్రోలర్‌కి 2 గిగాబిట్ల చిప్ దాకానే తెలుసు. 4 గిగాబిట్ల చిప్‌లో ఉన్న గదులన్నిటికీ అడ్రసు పెట్టే ఏర్పాటు దానికి లేదు. ఎనిమిది చిప్‌ల స్టిక్ పెడితే కొన్ని బోర్డులు స్క్రీనే ఇవ్వవు, కొన్ని సగమే చూపిస్తాయి. స్టిక్‌లో లోపం లేదు, బోర్డులో లోపం లేదు, ఒకదానికొకటి పొసగవు అంతే.

చిప్‌లు లెక్కపెట్టాక లేబుల్ కూడా చదవాలి. కావాల్సింది 2ఆర్‌ఎక్స్8. రెండు ర్యాంకులు (ఒకేసారి కలిసి పనిచేసే చిప్‌ల గుంపులు), ఒక్కో చిప్ ఎనిమిది బిట్ల వెడల్పు అని దానర్థం. 1ఆర్‌ఎక్స్8 అని ఉంటే అది ఎనిమిది చిప్‌లది. లేబుల్ ఊడిపోయినా, అనుమానంగా ఉన్నా చిప్ మీద ముద్రించిన నంబరు చూడొచ్చు. శామ్‌సంగ్ చిప్ అయితే కే4బీ2జీ0846 అని మొదలవుతుంది, అందులో 2జీ అంటే 2 గిగాబిట్లు. కే4బీ4జీ అని ఉంటే మనది కాదు. హైనిక్స్ చిప్ మీద హెచ్5టీక్యూ2జీ83 అని ఉంటే సరే, 4జీ83 అని ఉంటే కాదు. అక్షరాలు చాలా సన్నగా ఉంటాయి. ఫోన్ టార్చి పక్కనుంచి వేసి, కెమెరాతో ఫొటో తీసి పెద్దది చేసుకుంటే చదవొచ్చు.

ఇంకో రకం ఉంది, దాంతో మరీ జాగ్రత్త. ఏఎండీ బోర్డులకి మాత్రమే అని చిన్న అక్షరాలతో రాసి, సగం ధరకి అమ్మే నాలుగు జీబీ డీడీఆర్3 స్టిక్‌లు. వాటికీ పదహారు చిప్‌లుంటాయి, చూస్తే మనక్కావాల్సినట్టే ఉంటాయి. కానీ అందులో చిప్‌లు నాలుగు బిట్ల వెడల్పువి, శామ్‌సంగ్ నంబరులో 0846 బదులు 0446 అని ఉంటుంది. ఇంటెల్ డెస్క్‌టాప్ బోర్డులు వాటిని తీసుకోవు. అందుకే లెక్క ఒక్కటే చాలదు, లేబులూ చూడాలి అంటున్నాను.

ఇదంతా నాకు తెలిసింది బోర్డు తయారీదారు ఇచ్చిన మెమరీ సపోర్ట్ లిస్టు వల్ల. బోర్డు మోడల్ పేరుతో వెతికితే తయారీదారు సైటులో ఆ పట్టిక దొరుకుతుంది. పాత బోర్డులకి కూడా చాలావరకు ఇంకా ఉంచారు. అందులో ఒక గడిలో ఎస్‌ఎస్, డీఎస్ అని ఉంటాయి. సింగిల్ సైడ్, డబుల్ సైడ్. మా బోర్డు పట్టికలో నాలుగు జీబీ స్టిక్‌లున్న ప్రతి వరసలోనూ డీఎస్ అనే ఉంది. ఒక్క ఎస్‌ఎస్ కూడా లేదెందుకని ఆరా తీస్తేనే చిప్ సాంద్రత సంగతి బయటపడింది. ఆ పట్టికలో ఉన్న కంపెనీ స్టిక్‌నే పట్టుకుని వేలాడక్కర్లేదు, అవి ఇప్పుడు దొరకవు కూడా. అందులో ఉన్నవాటి పోలిక ఏమిటో తెలిస్తే చాలు.

స్టిక్‌ల కోసం భీమవరం వెళ్లాను. ఫోన్‌లో మాట్లాడి తెప్పించుకుంటే పని జరగదనిపించి క్యాబినెట్‌నే తీసుకెళ్లాను, అక్కడే పెట్టి చూసి కొనొచ్చని. పాత కంప్యూటర్ సామాన్లమ్మే దుకాణం అది.

"నాలుగు జీబీ డీడీఆర్ త్రీ రెండు కావాలండి. రెండువైపులా చిప్‌లున్నవి, పదహారు చిప్‌లవి."

"చిప్‌లెన్నుంటే ఏముందండీ, డీడీఆర్ త్రీ అంటే డీడీఆర్ త్రీయే. ఇదిగోండి, పదహారొందల స్పీడుది. మీ పాతదానికంటే ఇదే మంచిది."

ఆయన ఇచ్చింది ఎనిమిది చిప్‌లది. ఇది మా బోర్డుకి పడదండీ అంటే ఆయన నమ్మలేదు, పెట్టి చూద్దాం రండి అన్నారు. సరే, నాక్కూడా కళ్లారా చూడాలనే ఉంది. పాత స్టిక్‌లు తీసి అదొక్కటే పెట్టి స్విచ్ వేశారు. ఫ్యాన్ తిరిగింది, స్క్రీన్ రాలేదు. రెండో స్లాట్‌లో పెట్టారు, అంతే. అక్కడ పనిచేసే కుర్రాడు "ర్యామ్ పోయుంటదండి" అని దాన్ని తీసి వాళ్ల ఐ3 మెషీన్‌లో పెట్టాడు. అందులో లక్షణంగా స్క్రీన్ వచ్చింది, నాలుగు జీబీ చూపించింది.

అప్పుడాయన లోపలికెళ్లి, పాత మెషీన్లలోంచి తీసిన స్టిక్‌లున్న అట్టపెట్టె తెచ్చి బల్ల మీద బోర్లించారు. ముగ్గురం కలిసి ఏరాం. ముందు రెండువైపులా చిప్‌లున్నవి పక్కన పెట్టాం, అందులో రెండు జీబీవీ ఒక జీబీవీ తీసేశాం, మిగిలినవాటి లేబుళ్లు చదివాం. 4 జీబీ, 2ఆర్‌ఎక్స్8, పీసీ3-10600యూ అని ఒకే కంపెనీవి రెండు దొరికాయి. మొదటిది పెట్టగానే స్క్రీన్ వచ్చింది. రెండోది కూడా పెట్టాక బయాస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల స్క్రీన్‌లో) 8 జీబీ కనిపించింది. ఆయన కాసేపు ఆ స్టిక్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఆయ్, ఇన్నాళ్లూ ఇలాంటివి వాపసొస్తే ర్యామ్ పోయిందనుకుని పక్కన పడేశామండి" అన్నారు. మా బోర్డు పట్టిక ఫోన్‌లో చూపిస్తే ఫొటో తీసుకున్నారు. మెమరీ టెస్టులో ఎర్రర్లు వస్తే మార్చి ఇవ్వాలని ముందే మాట తీసుకున్నాను. వాడేసిన ర్యామ్ కొనేటప్పుడు ఆ మాట తప్పనిసరి.

రెండూ ఒకేలాంటివి ఎందుకు వెతికానంటే, సమానమైన జీబీ ఉన్న స్టిక్‌లు రెండు చానెళ్లలో (ర్యామ్‌కి వెళ్లే రెండు దారుల్లో) పెడితే కంట్రోలర్ రెంటితో ఒకేసారి మాట్లాడుతుంది. దాన్నే డ్యూయల్ చానెల్ అంటారు. మా ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేదు, చిప్‌సెట్‌లో ఉన్న గ్రాఫిక్స్ కూడా ఈ ర్యామ్‌నే పంచుకుంటుంది కాబట్టి అది కాస్త ఉపయోగమే. నాలుగుకి జతగా పాత ఒక జీబీ స్టిక్ ఉంచుకున్నా పనిచేసేది, కానీ ఫ్లెక్సీలకి నాకు ఎనిమిదే కావాలి.

షాపుకి తెచ్చాక మళ్లీ తీసి శుభ్రం చేసి పెట్టాను. మన ప్రాంతంలో ఇది వదిలెయ్యకూడని పని. నరసాపురం దాటితే సముద్రమే, వానాకాలంలో గాలినిండా చెమ్మ, దాంతోపాటు ఉప్పు. ర్యామ్ కింద ఉండే బంగారు రంగు పళ్లు మసకబారతాయి, స్లాట్‌లో దుమ్ము గట్టిపడుతుంది. నేను తీసిన పాత స్టిక్‌ల పళ్ల మీద సన్నటి గోధుమ రంగు పొర కనిపించింది. పెన్సిల్ రబ్బరుతో ఒకే దిక్కుగా, మెల్లగా రుద్దితే మెరుపొచ్చింది. గరుకు కాగితం వాడకూడదు, ఆ బంగారు పూత చాలా పల్చన, పోతే మళ్లీ రాదు. రబ్బరు పొట్టు స్లాట్‌లో పడకుండా బోర్డుకి దూరంగా కూర్చుని రుద్దాలి, తర్వాత మెత్తటి బ్రష్షుతో దులపాలి. స్లాట్‌ని కూడా బ్రష్షుతోనే, నీళ్లూ గుడ్డా వద్దు. వర్షాకాలంలో ఉన్నట్టుండి స్క్రీన్ రాక పొడుగు బీపులు కొట్టే కంప్యూటర్లు మా వీధిలో ఈ ఒక్క పనితో చాలాసార్లు లేచాయి.

బిగించడం కష్టం కాదు. ప్లగ్గు పీకేసి, పవర్ బటన్ కొన్ని క్షణాలు నొక్కి మిగిలిన కరెంటు పోగొట్టాలి. క్యాబినెట్ ఇనుప భాగాన్ని చేత్తో తాకాలి, ఒంట్లో స్టాటిక్ ఉంటే పోతుంది. స్లాట్ రెండు చివర్ల క్లిప్పులు వెనక్కి తీసి, గాటు చూసుకుని, రెండు బొటనవేళ్లతో రెండు చివరలా సమానంగా నొక్కాలి. క్లిప్పులు వాటంతటవే లేచి టక్కుమని పట్టుకోవాలి. ఒకవైపే పట్టుకుంటే ఇంకా కూర్చోలేదని అర్థం. ఆ రాత్రి పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే మెమరీ టెస్టు ప్రోగ్రామ్ నడిపి ఇంటికెళ్లాను. పొద్దున ఎర్రర్లు సున్నా. వాడిన ర్యామ్ విషయంలో ఈ టెస్టు లేకుండా పెళ్లి కార్డుల ఫైళ్లు దాని మీద తెరవడం నాకు ఇష్టం లేదు, చెడిన మెమరీ ఫైలు సేవ్ చేసేటప్పుడే పాడుచెయ్యగలదు.

ఇక విండోస్. మాది 32 బిట్ విండోస్ 7. 32 బిట్లతో లెక్కపెట్టగలిగే అడ్రసులు నాలుగు జీబీ వరకే, అందులోనూ గ్రాఫిక్స్ వగైరా పరికరాలకి కొంత పోగా దాదాపు మూడుంపావు జీబీ మిగులుతుంది. ఎనిమిది జీబీ పెట్టి 32 బిట్ ఉంచుకుంటే సగానికి పైగా డబ్బు వృథా. ఉన్న 32 బిట్ మీదే 64 బిట్‌కి అప్‌గ్రేడ్ చేసుకునే దారి లేదు, శుభ్రంగా కొత్తగా ఎక్కించాల్సిందే. దానికి ముందు మూడు విషయాలు చూసుకున్నాను. ప్రాసెసర్ 64 బిట్‌దేనా, ఈ7500 అదే. ప్రింటర్‌కి 64 బిట్ డ్రైవర్ ఉందా, మా క్యానన్ ఎల్‌బీపీ2900కి ఉంది. నేను వాడే ప్రోగ్రాములన్నీ అందులో నడుస్తాయా. 16 బిట్ కాలపు ప్రోగ్రాములు 64 బిట్ విండోస్‌లో నడవవు. అది తేలకుండా పాత విండోస్ చెరిపెయ్యడానికి నాకు ధైర్యం చాలలేదు. వేరే హార్డ్ డిస్క్ పెట్టి దాని మీద 64 బిట్ ఎక్కించి, పేజ్‌మేకర్ 7, అనూ, పాత కార్డుల ఫైళ్లు తెరిచి, ప్రింటు తీసి చూసుకున్నాను. పేజ్‌మేకర్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిస్తే ఇబ్బంది లేకుండా నడిచింది. పాత డిస్క్ అలాగే భద్రంగా బీరువాలో ఉంది.

ఫొటోషాప్‌లో కూడా 64 బిట్ వెర్షనే ఎక్కించాలి, విండోస్‌లో అది సీఎస్4 నుంచి ఉంది. ఇప్పుడు ఇరవై అడుగుల ఫ్లెక్సీ తెరిచి లేయర్లు జరుపుతుంటే హార్డ్ డిస్క్ లైటు అప్పుడప్పుడు మాత్రమే వెలుగుతోంది. పొద్దున ఇచ్చిన ఫ్లెక్సీకి మధ్యాహ్నం ప్రూఫ్ చూపించగలుగుతున్నాను. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2020 జనవరి 14తో ఆగిపోయింది కాబట్టి ఈ మెషీన్‌కి నెట్ ఇవ్వను. ఫైళ్లు కొత్త కంప్యూటర్‌లో స్కాన్ అయ్యాకే పెన్‌డ్రైవ్‌లో దీంట్లోకి వస్తాయి.

ఈ కథ విని ఇద్దరు అడిగారు. అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేసే మా బావగారి దగ్గరున్నది జీ31 బోర్డు, డీడీఆర్2, రెండు జీబీ. జీ31కి హద్దే నాలుగు జీబీ. ఆయన చేసేది లెక్కలు, బిల్లులు. నడుస్తుండగా చూస్తే మెమరీ సగం కూడా వాడటం లేదు, ఆలస్యమంతా పాత హార్డ్ డిస్క్‌ది. "ర్యామ్ వద్దు బావగారూ, ఎస్‌ఎస్‌డీ వేయించండి" అన్నాను. ఎస్‌ఎస్‌డీ అంటే తిరిగే పళ్లేలు లేకుండా చిప్‌లలోనే డేటా దాచే డిస్క్. డిస్క్ తగిలించే ఆ బోర్డు సాటా పోర్టుకి ఎస్‌ఎస్‌డీ పూర్తి వేగం అందకపోయినా, హార్డ్ డిస్క్‌తో పోలిస్తే చాలా తేడా తెలుస్తుంది. వేయించుకున్నారు, బిల్లు కోసం లారీ వాళ్లు ఎదురుచూడటం తగ్గిందన్నారు.

రెండోది పెనుగొండ వైపు రైస్‌మిల్లులో గుమస్తాగా ఉన్న బాబాయ్ గారిది. రెండో తరం ఐ3, హెచ్61 బోర్డు, నాలుగు జీబీ ఒకే స్టిక్‌గా, ఒక స్లాట్ ఖాళీ. ఇక్కడ మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్‌లో ఉంది, 4 గిగాబిట్ల చిప్‌లు దానికి అలవాటే, రెండు స్లాట్లలో పదహారు జీబీ దాకా తీసుకుంటుంది. ట్యాలీతో పాటు జీఎస్టీ పనికి బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరుస్తారు, ఆయనకి ర్యామ్ నిజంగానే చాలడం లేదు. భీమవరం దుకాణానికి ఫోన్ చేసి, ఆ రోజు మా బోర్డులో స్క్రీన్ రాని ఎనిమిది చిప్‌ల స్టిక్ ఇంకా ఉందా అని అడిగాను. ఉందన్నారు, తెప్పించి పెట్టాం. దాని స్పీడు 1600 అయినా ఆ ప్రాసెసర్ 1333 వరకే కాబట్టి అంతకే నడుస్తోంది, మొత్తం ఎనిమిది జీబీ కనిపిస్తోంది. ధాన్యం సీజను మొదలయ్యేలోపు విండోస్ కూడా మార్చాలి, దాని మీద ఉన్న 10కి సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది, రెండో తరం ఐ3ని విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. బ్రౌజర్ పని లినక్స్‌లో చేసుకోవచ్చు గానీ, ట్యాలీ దగ్గర ఏం చెయ్యాలన్నది ఆయనా నేనూ ఇంకా మాట్లాడుకుంటున్నాం.